జనరేటర్‌కి కట్టిన చీటీ

ఆ ఎండాకాలం కరెంటు రోజుకి నాలుగైదుసార్లు పోయేది. పోయిన ప్రతిసారీ మా ఆవిడ మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషన్ కీచుమని అరిచేది. ఆ అరుపు వినపడితే ఇంట్లో ఎవరున్నా చేతిలో పని అక్కడే వదిలేసి పెరట్లోకి పరుగెత్తాలి. పెరట్లో రేకుల కింద జనరేటర్ ఉండేది.

పెద్దదేమీ కాదు. ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. పెట్రోల్‌తో నడుస్తుంది. ఎవరో బాగుచేయమని మా షాపులో దించి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆరేళ్ళు మూలన పడి ఉంది. మా ఆవిడ ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇంట్లో మిషన్ పెట్టుకోవాల్సిందే అని డాక్టర్ చెప్పిన రోజు దాన్ని బయటికి లాగాను. హ్యాండిల్‌కి అట్టముక్క చీటీ వేలాడుతోంది. దాని మీద మా ఆవిడ గుండ్రటి అక్షరాలు. 'ప్లగ్ తీసి డబ్బాలో పెట్టాం. ఆయిల్ తీసేశాం. పెట్రోల్ ట్యాప్ మూసి ఉంది.' ఆ చీటీ చూసుకుంటూ పోతే ఒక్క పూటలో బండి నడిచింది. మా మెకానిక్‌ల భాషలో ఏ ఇంజినైనా బండే.

ఆ చీటీల సంగతి చెప్పాలి. నేను పంపులు, మోటార్లు, చిన్న ఇంజిన్లు బాగుచేసేవాణ్ణి. నాకు పని నేర్పిన మేస్త్రీ ఒకే ఒక్క మాట నెత్తి మీద మొట్టి మరీ చెప్పాడు. "మూసింది మూశానని, విప్పింది విప్పానని రాసి కట్టరా. నీ చెయ్యి చేసిన పని ఇంకో చేతికి తెలియాలి." నా చదువు మూడో తరగతితో సరి. చదవడం వచ్చు. రాయడానికి కూర్చుంటే అక్షరం ఒకచోట, ఒత్తు ఒకచోట పడతాయి. అందుకని పెళ్ళయిన మొదటి నెల నుంచీ నా చీటీలు మా ఆవిడే రాసేది. నేను రెండు ముక్కలు చెప్పేవాణ్ణి, ఆవిడ రాసేది. ముప్పై ఎనిమిదేళ్ళు అలాగే గడిచింది. షాపులో చీటీ లేని బండి ఒక్కటి ఉండేది కాదు.

"ఈయన నాతో మాట్లాడిందంతా ఆ చీటీల మీదే ఉంది" అనేది ఇంటికి వచ్చినవాళ్ళతో. "ప్లగ్ తీశాం, ఆయిల్ పోశాం. ఇదే మా కాపురం."

నాకు ఆవిడ పెట్టిన పేరు తాళంకప్ప. చాటుగా కాదు, నా ముందే అనేది. ఇంట్లో మాటల పని ఆవిడది, చేతుల పని నాది. ఆవిడకి నా మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఉప్పు గురించి. కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా నేను తినేసి లేచిపోతాను. "పశువుకి పెట్టినా తల తిప్పి చెబుతుంది. ఈయన చెప్పడు" అనేది.

మా అబ్బాయి లారీ డ్రైవర్. వారం బయట, రెండు రోజులు ఇంట్లో. నేను పొద్దున వెళ్తే సాయంత్రం దాకా షాపులో. పగలంతా ఇంట్లో ఉండేది కోడలే. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. అందుకని జనరేటర్ నడపడం ఆమెకి నేర్పాను. సన్నటి చేతులు. మొదటి రోజు తాడు లాగితే బండి కనీసం దగ్గలేదు.

కిటికీలోంచి మా ఆవిడ చూస్తోంది. ముక్కులో ట్యూబు ఉన్నా నోరు ఆగదు.

"అది తాడు అమ్మాయ్, దారం కాదు. సూదిలోకి ఎక్కిస్తున్నట్టు లాగితే ఎలా?"

"నవ్వించకండి అత్తయ్యా, చేతిలో బలం పోతోంది."

"బలం చేతిలో ఎక్కడుంటుందే, కోపంలో ఉంటుంది. మీ మామయ్య మొహం తలుచుకుని లాగు."

లాగింది. బండి అందుకుంది. మా ఆవిడ నవ్వబోయి దగ్గులో పడింది.

కోడలికి నేను నేర్పింది నాలుగే. చోక్ వెయ్యి. స్విచ్ నొక్కు. తాడు లాగు. బండి అందుకున్నాక చోక్ తియ్యి. ట్యాంకు కింద చిన్న పిడి చూసి ఆమే అడిగింది.

"ఇదేంటి మామయ్యా?"

"పెట్రోల్ ట్యాప్. తెరిచే ఉంటుంది. దాని జోలికి పోకు."

ఆ మాట అన్నది నేనే.

అదొక ఆట అయిపోయింది అత్తాకోడళ్ళకి. మిషన్ అరవడం మొదలుపెట్టగానే మా ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు. జనరేటర్ అందుకుని మిషన్ మళ్ళీ నడిచేదాకా. మొదటి వారం తొంభై దాకా పోయింది. నెల తిరిగేసరికి ముప్పై. ఒక మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చి కూర్చున్నాను, కరెంటు పోయింది. నేను లేవబోతే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"కూర్చోండి. మీరు లేస్తే మోకాళ్ళ చప్పుడుకే పది అంకెలు పోతాయి."

కుట్టుమిషన్ దగ్గర ఎక్కడో కుర్చీ పడ్డ చప్పుడు. పెరట్లో చెప్పుల చప్పుడు. బండి అందుకుంది.

"ఇరవై రెండు!" అని అరిచింది మా ఆవిడ. అరిచేంత ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందో. "ఒసే, నిన్ను చూసుకుని బతికేస్తానే నేను."

కోడలు గుమ్మం దగ్గర నిలబడి రొప్పుతూ నవ్వుతోంది. జుట్టు నిండా దారప్పోగులు.

వానలు మొదలయ్యాయి. కరెంటు పోవడం తగ్గింది. రెండు రోజులకొకసారి, ఒక్కోసారి అదీ లేదు. బండి ఊరికే ఉంటోంది. ఊరికే ఉన్న బండికి కార్బురేటర్ దగ్గర చుక్క కారడం మొదలైంది. లోపల సూది అరిగింది, మార్చాలి. చుక్క చిన్నదే. కానీ కిటికీలోంచి పెట్రోల్ వాసన నేరుగా మా ఆవిడ మంచం మీదికి వచ్చేది. "గొంతు పట్టుకుంటోందండీ" అంది రెండుసార్లు. ఆవిడ ఒక సంగతి రెండుసార్లు చెప్పిందంటే నిజంగా బాధగా ఉన్నట్టు. నవ్వుతూ చెప్పలేదంటే మరీను.

ఆ రోజు పొద్దున నేను సిలిండర్ నింపించుకు రావడానికి బయల్దేరాను. కరెంటూ పోయి జనరేటరూ మొరాయిస్తే వాడడానికని చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఉంచుకున్నాం. ముందురోజు మా ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళి తెచ్చేసరికి అది ఖాళీ అయింది. వెళ్ళేముందు పెరట్లోకి వెళ్ళి పెట్రోల్ ట్యాప్ మూశాను. చుక్క ఆగింది.

చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. అట్టముక్క ఉంది, దారం ఉంది. రాసే మనిషి నిద్రపోతోంది. మూడు రోజులకి పట్టిన నిద్ర. లేపబుద్ధి కాలేదు. కోడలి చేత రాయించొచ్చు. నోటితోనైనా చెప్పొచ్చు. ఇదేమన్నా షాపా, ఇల్లే కదా, గంటలో వస్తాను కదా, సూది కూడా తెచ్చి వేసేస్తాను కదా అనుకున్నాను. అట్టముక్క జేబులో పెట్టేసుకున్నాను. సిలిండర్ సైకిల్‌కి కట్టుకుని ముందు గది మీదుగానే వెళ్ళాను. కోడలు తలెత్తింది.

"జాగ్రత్త మామయ్యా, రోడ్డంతా నీళ్ళు."

తల ఊపాను.

గంటలో రాలేదు. నీళ్ళలో సైకిల్ నడిపించుకుంటూ పోయి రావడానికి మూడు గంటలు పట్టింది. వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. కుట్టుమిషన్ సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి. మంచం ఖాళీ. పెరట్లో జనరేటర్ తాడు పూర్తిగా లోపలికి పోకుండా పాములా పడి ఉంది. తాడు పిడి మీద రక్తం మరక. పక్కింటావిడ గోడ మీదుగా చెప్పింది, ఎదురింటి డ్రైవర్ తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాడని.

ఆస్పత్రి వరండాలో కోడలు బల్ల మీద కూర్చుని ఉంది. కుడి అరచేతికి కట్టు. నన్ను చూసి లేచింది. నేను అడక్కుండానే మొదలుపెట్టింది.

"అందుకుంది మామయ్యా. మొదటి లాగుకే అందుకుంది. మిషన్ నడిచింది. అత్తయ్య పద్దెనిమిది అని కూడా అన్నారు. నేను వెళ్ళి మళ్ళీ కుట్టు ముందు కూర్చున్నాను. రెండు నిమిషాలో, మూడు నిమిషాలో. దగ్గి ఆగిపోయింది. మళ్ళీ లాగాను. చోక్ వేసి లాగాను, తీసి లాగాను. ట్యాంకు మూత తీసి చూశాను, పెట్రోల్ ఉంది. ఎన్నిసార్లు లాగానో నాకే తెలీదు. అత్తయ్యకి మాట రావట్లేదు. కిటికీలోంచి వేళ్ళు ఇలా తిప్పి చూపించారు. కిటికీ గడియ అనుకున్నాను. గాలి ఆడట్లేదేమోనని రెండో రెక్క కూడా తీశాను. నేనేం తప్పు చేశానో తెలీట్లేదు మామయ్యా."

రెండు వేళ్ళు కలిపి పావు చుట్టు తిప్పి చూపించింది.

నాకు తెలిసింది. ట్యాప్ మూసినా కార్బురేటర్ అడుగున చిన్న గిన్నెలో పెట్రోల్ ఉంటుంది. దాంతో బండి అందుకుంటుంది, రెండు మూడు నిమిషాలు నడుస్తుంది, ఆగిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు మెకానిక్‌తో కాపురం చేసిన మనిషి, ఆగిన చప్పుడు విని మంచం మీద నుంచే రోగం కనిపెట్టింది. చెప్పడానికి ఊపిరి లేదు.

నాకు ఊపిరి ఉంది. నేను చెప్పలేదు.

మా ఆవిడ ఆస్పత్రిలో మూడు రోజులు ఉంది. మొహానికి మాస్క్. రెండో రోజు నన్ను దగ్గరికి పిలిచింది. నా చెయ్యి తీసుకుని అరచేతిలో రెండు వేళ్ళు పెట్టి తిప్పింది. పావు చుట్టు. నా కళ్ళలోకి చూసింది. తల ఊపాను, నేనే మూశానని. అప్పుడు గడ్డంతో బయటికి చూపించింది. అద్దం తలుపు అవతల కోడలు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకి చెప్పు అని. మళ్ళీ తల ఊపాను. మా ఆవిడ నమ్మలేదు. నా చేతి మీద చిన్న దెబ్బ వేసి మళ్ళీ అటే చూపించింది.

మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

"ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదు" అన్నాడు డాక్టర్. "ఆ రోజు కాకపోతే ఇంకో పది రోజులు, అంతే."

ఓదార్పుగానే అన్నాడు. ఆ పది రోజుల్లో ఆవిడ ఎన్ని మాటలు మాట్లాడేదో ఆయనకేం తెలుసు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళాక ఇంట్లో మేం ముగ్గురం మిగిలాం. వంటింట్లో మా అబ్బాయి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. కోడలు అంట్లు సర్దుతోంది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"రెండు నెలలు నేర్పాడు నాన్న" అన్నాడు వాడు. "ఒక్క తాడు లాగడం చేతకాలేదా నీకు?"

గట్టిగా అనలేదు. ఏడుస్తూ అన్నాడు. కోడలు చేతిలో గిన్నె మెల్లగా కింద పెట్టింది. నిజం నా నాలిక చివరికి వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. కొడుకు నా వైపు చూసే చూపు ఒకటుంది, చిన్నప్పటి నుంచీ. మా నాన్న చెయ్యి పెడితే బండి నడుస్తుంది అనే చూపు. అది పోతుందని భయం వేసింది. చెంబు అక్కడ పెట్టి వెళ్ళి పడుకున్నాను.

తర్వాత కోడలు కుట్టుమిషన్ ముందు కూర్చోలేదు. బట్టలిచ్చినవాళ్ళు వచ్చి కత్తిరించని గుడ్డ అలాగే తీసుకెళ్ళిపోయారు. చేతికి మందు నేనే తెచ్చి పెట్టాను, మాట్లాడకుండా. కట్టు విప్పాక కొత్త చర్మం లేతగా, మెరుస్తూ ఉండేది. ఆ చెయ్యి తిప్పి తిప్పి చూసుకునేది, ఎవరిదో అన్నట్టు. రెండు మూడు రోజులకొకసారి అడిగేది.

"మామయ్యా, చోక్ ముందే తీసేశానంటారా?"

ఒకసారి, "స్విచ్‌కి నా చెయ్యి తగిలి ఉంటుందా?"

"ఏమో" అన్నాను.

జీవితంలో నేను తక్కువ మాటలే మాట్లాడాను. వాటిలో అన్నిటికన్నా పాపిష్టి మాట ఆ ఏమో.

నెలన్నర అయ్యింది. మా అబ్బాయి దారిలోంచి ఫోన్ చేశాడు. "రేపు వస్తున్నాను నాన్నా. నేను వచ్చేసరికి ఆ జనరేటర్ నా కళ్ళ ముందు ఉండకూడదు. ఎక్కడైనా లోపల పడేయండి." సరే అన్నాను. వెనక్కి తిరిగితే కోడలు నిలబడి ఉంది. చేతిలో మడతపెట్టిన చీరలు.

"ఆయన వచ్చాక మా అమ్మ దగ్గరికి వెళ్తాను మామయ్యా. కొన్నాళ్ళు."

కొన్నాళ్ళు అన్నప్పుడు నా వైపు చూడలేదు. కుట్టు కత్తెర కూడా సంచీలో పెట్టుకుంది. కొన్నాళ్ళకి వెళ్ళేవాళ్ళు కత్తెర పట్టుకెళ్ళరు.

మర్నాడు పొద్దున జనరేటర్‌ని రేకుల కింద నుంచి వెలుగులోకి లాగాను. కోడల్ని పిలిచాను.

"అమ్మాయ్, ఒక చెయ్యి వెయ్యి."

"దాని దగ్గరికి నేను రాను మామయ్యా. పక్కింటాయన్ని పిలవనా?"

"నువ్వే రావాలి."

వచ్చింది. దూరంగా గోడకి ఆనుకుని నిలబడింది. ట్యాప్ తెరిచాను. ఒక బల్బు తగిలించాను. తాడు లాగాను. బండి రెండో లాగుకి అందుకుంది, బల్బు వెలిగింది. ఆ చప్పుడుకి కోడలు మొహం తిప్పేసుకుంది. కాసేపు వేడెక్కనిచ్చాను.

"ఎక్కువ రోజులు దాచాలంటే లోపల చుక్క పెట్రోల్ ఉండకూడదు" అన్నాను. "ఉంటే జిగురైపోతుంది. సన్నటి దారులన్నీ మూసుకుపోతాయి. బయటికి బాగానే కనపడుతుంది. తర్వాత ఎవరు ఎంత లాగినా నడవదు."

అంత మాట నేను ఒక్క గుక్కలో అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. మొహం ఇటు తిప్పింది.

"ఇప్పుడు ఆ ట్యాప్ మూయి."

"దాని జోలికి పోవద్దన్నారు కదా."

"ఇప్పుడు మూయి."

వంగి రెండు వేళ్ళతో పిడి పట్టుకుంది. తిప్పింది. పావు చుట్టు. తిప్పిన చెయ్యి అక్కడే ఉంచి తన వేళ్ళ వైపు చూసుకుంది.

బండి నడుస్తూనే ఉంది.

"ఆగలేదేం?" అంది, ఇంజిన్ చప్పుడులో వినపడేలా.

"కింద గిన్నెలో కొంచెం ఉంటుంది. అది అయ్యేదాకా నడుస్తుంది."

"ఎంతసేపు?"

"రెండు మూడు నిమిషాలు."

బండి పక్కనే మట్టిలో కూర్చుంది. నేను నిలబడ్డాను. ఇద్దరం బల్బు వైపు చూస్తున్నాం. ఎండలో బల్బు వెలుగు చిన్నగా, తేనెరంగులో ఉంది. చివరికి ఇంజిన్ గొంతు కొంచెం పైకి లేచింది. బల్బు ఒకసారి బాగా వెలిగింది. దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగింది. రేకు అంచు నుంచి రాత్రి వాన చుక్కలు పడుతున్న చప్పుడు వినపడింది.

"ఇలాగే ఆగింది" అంది. "ఆ రోజు. ఇదే చప్పుడు."

"ఊ."

"ట్యాప్ ఎవరు మూశారు?"

"నేను."

రెండు వేళ్ళు పైకెత్తి గాలిలో తిప్పింది. "అత్తయ్య చెప్పింది ఇదా?"

"ఊ."

"మీకెప్పటి నుంచి తెలుసు?"

"ఆస్పత్రి వరండాలో నువ్వు చెప్పినప్పటి నుంచి."

లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"నెలన్నర మామయ్యా. నెలన్నర నా చెయ్యి నేను చూసుకుంటూ కూర్చున్నాను. చోక్ ముందే తీశానా అని మిమ్మల్నే అడిగాను. ఏమో అన్నారు. ఆయన ఆ మాట అన్నప్పుడు మీరు చెంబు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. నేను చూశాను."

"ఉన్నాను."

"తాళంకప్ప అని అత్తయ్య ముద్దుగా అనేవారు. నాకిప్పుడు ముద్దుగా లేదు."

లోపలికి వెళ్ళిపోయింది.

నా చేతులకి పని తప్ప ఇంకేం తెలీదు. ట్యాంకులో పెట్రోల్ గొట్టంతో డబ్బాలోకి లాగాను. వేడిగా ఉండగానే పాత ఆయిల్ వదిలాను. నల్లగా కారింది, రెండు నెలల మసి. కొత్త ఆయిల్ పోశాను. ఇంట్లో బీరువా తలుపు చప్పుడైంది. ఇంకా సర్దుకుంటోంది అనుకున్నాను. ప్లగ్ విప్పుతూ ఉంటే వెనక నీడ పడింది. పాత నేత దుప్పటి పట్టుకుని నిలబడి ఉంది. మా ఆవిడది.

"కప్పడానికి" అంది. "ఇంకా ఏం పనుంది?"

నేను చూస్తూ ఉంటే, "సగం పని వదిలేస్తే అత్తయ్య ఊరుకోరు. మీ కోసం కాదు" అంది.

ప్లగ్ కన్నంలో చెంచాడు ఆయిల్ పోయించాను. తాడు మెల్లగా రెండుసార్లు లాగమన్నాను, ఆయిల్ లోపల అంతటా పట్టేలా. ప్లగ్ బిగించాను.

"ఇప్పుడు ఇంకా మెల్లగా లాగు. బరువు తగిలేదాకా."

లేత చర్మం చేతితో లాగింది. "తగిలింది."

"అక్కడ వదిలేయ్. లోపల గాలి తలుపూ పొగ తలుపూ రెండూ మూసుకున్నాయి. ఇక చెమ్మ లోపలికి పోదు."

పొగగొట్టంలో గుడ్డ కుక్కి, ఎలుక లాగేయకుండా తాడుతో కట్టాను. ఇనుము మీద ఆయిల్ గుడ్డతో తుడిచాం, చెరో వైపు. నేల చెమ్మ తగలకుండా రెండు చెక్కల మీదికి ఎక్కించాం. అన్నీ అయ్యాక జేబులోంచి అట్టముక్క తీశాను. ఆ రోజుదే. అంచులు నలిగిపోయాయి. కోడలు చెయ్యి చాపింది.

"చెప్పండి, రాస్తాను."

"వద్దు. ఇది నేను రాయాలి."

చెక్క మీద పెట్టుకుని రాశాను. చాలాసేపు పట్టింది. ఆమె కదలకుండా నిలబడింది.

'ప్లగ్ లో ఆయిల్ పోశాం. పెట్రోల్ తీసేశాం. ట్యాప్ మూసి ఉంది. అమ్మని ఆస్పత్రికి తీసుకెళిన రోజు కూడా మూసి ఉంది. మూసింది నేను. అమ్మాయికి చెప్పలేదు. అమ్మాయి బండి బాగానే నడిపింది.'

కోడలు చదివింది.

"ఒక ఒత్తు పోయింది" అంది.

"పోనీ."

హ్యాండిల్‌కి కట్టి పైన దుప్పటి కప్పాను. లోపల పెట్టబోతే ఆపింది. "ఆయన వచ్చేదాకా ఇక్కడే ఉండనివ్వండి."

మధ్యాహ్నం మా అబ్బాయి వచ్చాడు. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చి జనరేటర్ చూశాడు. మొహం ఎర్రబడింది. "తీసేయమన్నాను కదా" అంటూ దుప్పటి లాగాడు. చీటీ చేతికి తగిలింది.

చదివాడు. మళ్ళీ చదివాడు. నా రాత వాడికి కొత్త. మా ఇంట్లో ఎవరూ పెద్దగా చూసింది కాదు. కుళాయి నీళ్ళు బకెట్ నిండి పొర్లిపోతున్నాయి. వెళ్ళి కట్టేశాను.

"అమ్మకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు. నీ భార్యకి చెప్పమంది."

"మరి?"

వాడు వంగి జనరేటర్ రెండు వైపులా పట్టుకున్నాడు. ఇద్దరి బరువు. నేను రెండో వైపు పట్టుకోబోయాను.

"వద్దు" అన్నాడు.

ఒక్కడే ఎత్తి, అడుగులో అడుగు వేసుకుంటూ సామాన్ల గదిలోకి మోసుకెళ్ళాడు. వాడు నన్ను చూసే ఆ పాత చూపు మళ్ళీ నేను చూడలేదు. దాని జాగాలో వేరే ఏదో ఉంది. దానికి పేరు తెలీదు.

తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు ఇద్దరూ. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఆమె గొంతే ఎక్కువ వినపడింది. వాడిది ఏడుపు వినపడింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

దీపాలు పెట్టే వేళకి ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. సర్దిన సంచీ ఇంకా గుమ్మం పక్కనే ఉంది. ఎవరూ దాని వైపు చూడలేదు. ఇలాంటప్పుడు మా ఆవిడ ఏదో ఒక మాట పడేసేది, మేమంతా దాన్ని పట్టుకుని ఒడ్డున పడేవాళ్ళం. ఆవిడ పీట గోడకి చేరేసి ఉంది.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. ఎప్పటిలాగే మింగేసి ఇంకో ముద్ద కలపబోయాను. చెయ్యి ఆగింది.

"కూరలో ఉప్పు లేదమ్మా" అన్నాను.

మా అబ్బాయి తలెత్తాడు. కోడలు నా వైపు చూసింది. ఆ రోజంతా మొదటిసారి సూటిగా చూసింది.

"నెలన్నర నుంచీ లేదు మామయ్యా."

లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి మా ముగ్గురి మధ్యలో పెట్టింది.